బావిలో పాట నెమ్మదించిన రోజు

ఓబులేసని బావులు తవ్వేటోడు. నడుముకి మోకు కట్టుకుని లోతుకి దిగి, గడ్డపారతో పొడస్తా పాట పాడతాడనుకో. పాట ముచ్చటకి కాదబ్బా! లోపల చెడుగాలి ఉంటది గదా, పాట ఆగినా, నెమ్మదించినా పైనోళ్ళు మోకు లాగెయ్యాల. అదీ వాళ్ళ కట్టుబాటు. ఆ రోజు పైన మోకు పట్టుకుంది వాడి బామ్మర్ది బాలంకయ్య.

ఏమైందంటే, ఆ దోవన కామావధానిగారు పోతన్నాడంట, పద్యాల మనిషి. పాట చెవినబడి ఆగిపోయినాడు. "రాయే గంగమ్మా, మా రాళ్ళకాడికి రాయే" అని లోపల్నించి దెబ్బకో మాట వస్తంది. "ఆహా, పాదానికి నాలుగు దెబ్బలు! ఒక్కటీ తప్పట్లేదు. వింటుంటే ఒంట్లో ఉత్సాహం పొంగుతోందయ్యా" అన్నాడంట. మా బావ పాటకి ఇంత గొప్పుందా అని బాలంకయ్య నోరు తెరుచుకుని ఆయన మొకమే చూస్తన్నాడు. ఇంతలో పాట నెమ్మదించింది. "చూశావా, నడక మార్చాడు! నాలుగు దెబ్బల్ని మూడుకి దించాడు. ఉత్సాహం పోయి కరుణ వచ్చింది" అని అవధానిగారు కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత రెండే అయినాయంట. ఈయన కళ్ళెంట నీళ్ళు! ఇంటన్నారా? కింద మనిషి పోతన్నాడు, పైన ఈ మారాజు ఏడస్తన్నాడు, అదీ ఆనందంతో!

అప్పుడే ఓబులేసు పెళ్ళాం గురవమ్మ అంబలి ముంత తీసుకోనొచ్చింది. పాట చెవినబడంగానే ముంత జారిపోయింది. "ఎంతసేపయిందిరా ఇట్టా పాడబట్టి?" అని అరిచింది. "మూడు చరణాలైందమ్మా," అన్నాడంట అవధానిగారు, "పాదం చివర ఊపిరి ఎలా వదులుతున్నాడో చూడు, ఊపిరి..." అన్నాడు, ఆ మాటకాడే ఆగి, కళ్ళు తెరిచి బావిలోకి చూసినాడు. మొకం పాలిపోయింది. "లాగండి!" అని తనే ముందు మోకు మీద పడ్డాడు. ముగ్గురూ కలిసి లాగితే ఓబులేసు పైకొచ్చినాడు, మెడ వాలేసి. "పలకవయ్యా, నీకు దణ్ణం పెడతా" అని గురవమ్మ చెంపల మీద కొట్టింది, నీళ్ళు జల్లింది. శానాసేపటికి దగ్గినాడు. దగ్గి, "ఏరా బాలంకా, నా పాట ఇనపళ్ళేదా?" అన్నాడంట. ఇనకేం? ఇన్నాడు గదా, ఎన్నడూ లేనంత బాగా ఇన్నాడు.

అవధానిగారు ఆపైన ఎవురు పద్యం చదివినా ముందు వాళ్ళ మొకం చూసేవాడంట, తర్వాతే ఛందస్సు. నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తదబ్బా. అదిసరే, ఇందాకట్నించి నా గొంతెండి మాట నెమ్మదిస్తా ఉంటే బాగుంది బాగుంది అంటన్నారే, ముందు ముంతెడు నీళ్ళియ్యండయ్యా.