సినిమా హాల్ల మీ తాత ఫ్యాన్ల బోర్డు

“బాపమ్మా, నేను గీ షాపింగ్ మాల్లల్ల ఏసీలకు, లైట్లకు వాటంతలవే బందయ్యే డబ్బాలు బిగిస్తున్న గద. తాత గూడ గసొంటి పనే చేస్తుండెనట, బాపు చెప్పిండు. నిజమేనా?”

గసొంటి పనే అంటే... అగో, ఫోను నా ముంగట వెట్టినవేందే? నా మాట అండ్ల రికార్డయితుందా? కానీ తియ్. గసొంటి పనే బిడ్డా, గని డబ్బా లేకుంట. మీ తాతనే డబ్బా.

పెద్దపల్లిల సినిమా హాలు ఉండె. గిప్పుడు గాడ చెప్పుల దుకాణం... కాదు కాదు, హాలు ఉన్నది, దుకాణం దాని ముంగట. గండ్ల మీ తాత బోర్డు కాడ మనిషి. గోడ నిండ నల్లటి స్విచ్చులు. హాల్ల ఏ ఫ్యాను తిరగాలన్నా, ఏ లైటు ఆరాలన్నా ఆయన చెయ్యి పడాలె. ఎనుక గోడకు ఇంత పెద్ద కూలరు, దానికి వట్టివేళ్ల తడకలు. గవాటికి నీళ్లు కొట్టుడు గూడ ఆయనదే పని. సినిమా నడుస్తుంటే లోపలికి పోయి జరసేపు గోడ పక్కన నిలవడుతుండె. మొఖానికి ఉక్క తగిలిందనుకో, గా దిక్కు ఫ్యాన్లు ఏసుడు. కుర్చీలు ఖాళీగుంటే గా దిక్కు బందువెట్టుడు. కరెంటు బిల్లు అస్తే హాలు ఓనరు సేటు మస్తు పరేషాన్ అవుతుండె మరి.

నాకు గప్పుడు పెండ్లి కాలే. ఎండకాలం నన్ను కన్న మా అవ్వ, మా అక్క, నేను మ్యాట్నీకి పోయినం. నేల టికెట్టు అర్ధ రూపాయి ఉండె కావచ్చు, నాకు యాదికి లేదు. మంది బాగున్నరు. ఉక్కకు మా అవ్వకు కండ్లు తిరిగినయ్. మీ తాత ఉరికచ్చి, మమ్ముల కూలరు ముంగటికి తోల్కపోయి కూసోవెట్టిండు, కుండల నీళ్లు తెచ్చిచ్చిండు. గంతే, మల్ల బోర్డు కాడికి పోయిండు.

గప్పటి సంది మేం ఎప్పుడు పోయినా, మేం కూసోకముందే మా నెత్తి మీది ఫ్యాను తిరుగుడే! హాల్ల పది మంది లేకున్నా తిరుగుడే. సేటు ఒకసారి అరిసిండు గూడ, “గాడ ముగ్గురాడోళ్లకు ఓ ఫ్యానా?” అని. మా అవ్వ ఊకుంటదా? నా మొఖం జూసింది, బోర్డు గది దిక్కు జూసింది. “గీ పిలగాడు ఫ్యాను నాకేస్తుండా, నీకేస్తుండా?” అన్నది. నాకు నవ్వాగలే. మల్ల మా బాపు పోయి వాళ్లింట్ల మాట్లాడిండు. మాఘమాసంల పెండ్లయింది.

ఇగ ఏండ్లు గడిసినయ్. టీవీలచ్చినయ్, మంది తగ్గిండ్రు. సేటు పోయినంక సేటు కొడుకు హాలు బాగు చేపిచ్చిండు. ఏసీ వెట్టిండు. మంది ఎక్కువుంటే చల్లదనం పెరుగుడు, తక్కువుంటే తగ్గుడు. మెట్ల మీద ఎవలు లేకుంటే లైటు దానంతలదే ఆరుడు. నువ్వు బిగించేటియే అనుకో. మీ తాత బోర్డు గోడకెల్లి ఊడవీకిండ్రు. గా దినం ఆయన ఇంటికచ్చి కాళ్లు గూడ కడుక్కోలే. అన్నం వెడితే ముట్టలే. “ఇగ నాతోని ఏం పనే?” అన్నడు. “ఏమో, మస్తు పనులుంటయ్” అన్న. గని నాకు గూడ లోపల ఫికరే.

తెల్లారి సేటు కొడుకు పిలిపిచ్చిండు. “రాజయ్య కాకా, నిన్ను ఎవలు పొమ్మన్నరు? గేటు కాడ నిలవడు, అచ్చినోళ్లకు సీట్లు చూపెట్టు. గని ఇయ్యాల్ల మొదటి ఆట నువ్వు కూసోని సూడాలె, చిన్నమ్మను తీస్కరా” అన్నడు. మంచోడు, వాళ్ల బాపు లెక్క కాదు.

పోయినం. నేను కొత్త చీర కట్టుకున్న. ముందుగాల బాత్రూంకు పోతే, నేను కాలు వెట్టంగనే లైటచ్చింది. “ఎవలు బిడ్డా లైటేసింది?” అని అడిగిన. లోపల ఎవ్వలు లేరు! నవ్వకే, నిజం.

ఇగ హాల్ల కూసున్నం, పక్కపక్కన. నీకు తెల్సా బిడ్డా, పెండ్లయినంక ఆయనా నేనూ పక్కపక్కన కూసోని ఒక్క సినిమా సూడలే. నేను కుర్చీల, ఆయన బోర్డు కాడ. గంతే ఎప్పుడూ. లైట్లు మెల్లగ, మెల్లగ వాటంతలవే తగ్గినయ్. ఆయన లేవబోయిండు. నేను చెయ్యి పట్టి గుంజిన. “కూసో, అది జూసుకుంటది” అన్న. జరసేపటికి చల్లగైంది. మల్ల కొంచెం తగ్గింది. ఆయన మొఖం పైకెత్తి జూసిండు, “మంచిగనే చేస్తుందే గిది” అన్నడు, పక్కింటి పిలగాన్ని మెచ్చుకున్నట్టు. ఇగ గటెన్క తెర మీదికెల్లి కండ్లు తిప్పలే. చిన్న పోరని లెక్క, “గా హీరో ఎందుకు పోయిండే? మల్ల ఎప్పుడస్తడే?” అని అడుగుడే అడుగుడు. ఎనుకోళ్లు కసురుకున్నరు గూడ. నా చెయ్యి మాత్రం ఇడువలే.

గటెన్క ఆయన ఉన్నన్నొద్దులు, నెలకో సినిమా...

గా డబ్బాలు మంచియే బిడ్డా. బిగియ్యి. ఎవలికో ఓ మనిషికి కూసునే టైము దొరుకుతది. చల్లగుండు, నా తల్లీ. నీ చెయ్యి చల్లగుండ. ఇగ గా ఫోను బందువెట్టు, చాయ్ తాగుదాం...