హులిగెమ్మ గారి పేరు దొరకని రోజు

1991 ఆగస్టు 12వ తేదీన పత్తికొండ దగ్గరి ఒక ఆరోగ్య కేంద్రంలో టైపిస్టుగా ఉద్యోగ జీవితాన్ని ఆరంభించిన శ్రీమతి హులిగెమ్మ గారు, ముప్పై నాలుగేళ్లకు పైబడిన నిష్కళంక సేవానంతరం, కర్నూలులోని మన ఆరోగ్య గణాంక కేంద్రం డేటా విభాగాధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

1998లో కడపకు బదిలీ అయ్యి, టైపు మిషను వదిలి కంప్యూటరు ముందు కూర్చున్నారు. మంగంపేట గని కార్మికుల ఊపిరితిత్తుల పరీక్షల వివరాలను తొలిసారి కంప్యూటరులోకి ఎక్కించినది వారే. వారు 2012లో కర్నూలుకు వచ్చిన నాటి నుండి నేను వారి కింద పనిచేస్తున్నాను. తిట్లు తిన్నాను, పని నేర్చుకున్నాను. రెంటిలో ఏది ఎక్కువో చెప్పలేను.

నాలుగేళ్ల క్రితం ఒక మహిళ మన కార్యాలయానికి వచ్చారు. ఆమె పేరు, ఊరు ఇక్కడ రాయను. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెకు క్షయ పూర్తిగా నయమైంది. "మేడమ్, నా పేరు ఈడ ఉండాదంట. తీసేయండి. ఊర్లో తెలిస్తే నా చేతి అన్నం పిల్లోల్లు తినరు," అని కన్నీళ్లు పెట్టుకున్నారు. తీసేస్తామని హులిగెమ్మ గారు మాట ఇచ్చారు.

అప్పుడే మన పాత సర్వరును ఇక పనికిరాదని కండెమ్ చేసి వేలంలో అమ్మేశారు. కొత్త సర్వరులోకి ఆమె పేరు ఎక్కించనేలేదు. పాతదానిలోని రోగుల జాబితా మొత్తాన్ని చెరిపే బాధ్యత నాది. చెరిపాను, ఖాళీ జాబితా చూసుకున్నాను, ధ్రువీకరణ పత్రంపై దర్జాగా సంతకం చేశాను. మర్నాడు పది గంటలకు లారీ వచ్చింది.

"ఏమప్పా జ్ఞానరాజూ, చెరిపినావా?" అని హులిగెమ్మ గారు అడిగారు.

"చెరిపేశాను మేడమ్. అంతా ఖాళీ."

"ఖాళీగా కనపడతాండాది. లోపల ఉండేది యాడికి పోయిందో చూసినావా?"

హాజరు పట్టీలో పేరు మీద గీత గీస్తే, కింది అక్షరాలు అలాగే ఉంటాయి కదా! డేటాబేసు చేసేదీ అంతే. ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకుంటుంది గాని, పాత అక్షరాలను తుడవదు. వారు డిస్కును నేరుగా తెరిచి, "హులిగెమ్మ" అని వెతికారు. పదకొండు చోట్ల దొరికింది. ఒకచోట, దాని కిందనే, వంట చేసే ఆ మహిళ పేరు, ఊరు, జబ్బు ఉన్నాయి.

నేను చేసిన సంతకం గుర్తొచ్చి భయం వేసింది. అంత భయంలోనూ నోరు ఊరుకోలేదు. "మేడమ్, మీకు కూడా క్షయ..?"

వారు పగలబడి నవ్వారు. "నాకేం రోగమప్పా! ప్రతి జాబితాలో మొదటి వరుసలో నా పేరు నేనే రాసి పెడతా. లెక్కల్లో చేరకుండా గుర్తు పెట్టుకుంటా. మన జాబితాల్లో ఇంకెవరికీ లేని పేరు కదా! నా పేరు దొరికిందంటే అందరి పేర్లూ దొరుకుతాయి."

ఇరవై ఏళ్లుగా తమను తామే రోగిగా రాసుకుంటున్న ఆ మహాతల్లికి రెండు చేతులెత్తి దండం పెట్టాను. లారీ డ్రైవరుకు టీ ఇప్పించి వెనక్కి పంపేశారు. మూడు రోజులు కూర్చుని, పాత అక్షరాలున్న ప్రతి చోటా సున్నాలు నింపించారు. దాచిపెట్టిన నకళ్లనూ వదలలేదు. చివరికి డిస్కులకు డ్రిల్లుతో రంధ్రాలు పెట్టించాకే లారీని మళ్లీ రమ్మన్నారు. రంధ్రాలు పెట్టే ముందు మరోసారి వెతికితే వారి పేరు ఎక్కడా దొరకలేదు. నా గుండెల మీది బరువు దిగింది. నా సంతకాన్ని కొట్టేసి, మళ్లీ చేయించారు గాని, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు నేనే చెబుతున్నాను.

ఆ మహిళకు వారే ఫోను చేశారు. "పోయిందమ్మా. ఇంగ నిశ్చింతగా వండుకో." అవతలి నుండి, "ఈ పొద్దు పిల్లోల్లకు పాయసం చేస్తా మేడమ్," అని వినిపించింది.

గత శుక్రవారం హులిగెమ్మ గారు పాత జాబితాలు చెరిపేసి పక్కన పెట్టిన యంత్రాలన్నింటిలో తమ పేరును ఆఖరిసారి వెతికారు. ఎక్కడా లేదు. "ఇంగ పోతానప్పా," అని తృప్తిగా కళ్లజోడు తీసి పెట్టారు.

భర్త రంగస్వామి గారితో, కుమార్తె శివానితో, వారు సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు నూరేళ్లు, ఏ యంత్రాన్నీ వెతకవలసిన అవసరం లేకుండా హాయిగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. ఇప్పుడు మన కార్యాలయ పత్రిక ఈ సంచికలో వారి పేరు ఉంది. దీన్ని చెరపడానికి మాత్రం మేము ఒప్పుకోము.

— జ్ఞానరాజు, డేటా విభాగం