తిట్టని తొమ్మిది నెలలు

ఇలా రా, వచ్చి కూర్చో. మొహం మాడ్చుకుని ఇంకెంతసేపు తిరుగుతావు ఇల్లంతా. నామీద కోపం వచ్చిందని తెలుస్తూనే ఉందిలే. పొద్దున అందరి ముందూ మీ అమ్మని, కూరలో ఉప్పు వేశావా, ఉప్పులో కూర వేశావా అన్నానని కదూ. నువ్వేమో ఆ ఉప్పంతా కిక్కురుమనకుండా తిని, 'చాలా బాగుందమ్మా' అని మళ్ళీ వడ్డించుకున్నావు. ఆ తర్వాత మీ నాన్న దగ్గరికెళ్ళి, 'నానమ్మకి కాస్త కూడా జాలి లేదు, అమ్మ ఆపరేషనై, మందులై, రేడియేషన్ కరెంటు పెట్టించుకుని ఇంటికొచ్చి రెండు నెలలు కాలేదు' అని గుసగుసలాడావు. నాకు మోకాళ్ళు అరిగాయి గానీ చెవులు అరగలేదు తల్లీ. జాలి సంగతి నాకు చెప్తావా నువ్వు. నేను పడ్డ జాలి నువ్వు చూడలేదు. తొమ్మిది నెలలు పడ్డాను. మా చిన్నదాన్ని సగం చంపేశాను దాంతో.

చిన్నదంటే నా తోడికోడలే, మా మరిది పెళ్ళాం. నీకు చిన్న నానమ్మ వరస. మీ అమ్మ కాపురానికి రాకముందే పోయింది, ఇక నీకేం తెలుస్తుంది. ఫొటోలో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుందే, అదే. అప్పుడు మాకు బైండింగ్ షాపు ఉండేది. కింద షాపు, పైన ఇల్లు. ప్రెస్సువాళ్ళు అచ్చేసిన కాగితాలు తెచ్చి పడేస్తే పుస్తకాలు చేసి పంపడం మా పని. మీ తాతయ్య కటింగ్ మిషను మీద, మా మరిది అట్టల దగ్గర, మేమిద్దరం కిటికీ పక్కన బల్లకి అటొకరు ఇటొకరు. పెద్ద కాగితం మడిస్తే పదహారు పేజీలవుతుంది, దాన్ని ఫారం అంటాం. ఆ ఫారాలు వరసగా పేర్చి వెన్ను దగ్గర సూదీ దారంతో కుట్టుకుంటూ పోవాలి. చేతులకి పని, నోటికి ఖాళీ. ఇంకేముంది. అది రేడియో పెంచేది, నేను తగ్గించేదాన్ని. నేను కిటికీ తెరిస్తే కాగితాలు ఎగిరిపోతున్నాయని అది మూసేది. దాని ముడి ఎప్పుడూ వదులే, నాలుగు రోజులకి పుస్తకం ఊడి చేతికొస్తుంది, నేను ఊరుకుంటానా. నేను ఒకటంటే అది నాలుగనేది. మీ తాతయ్యా, మా మరిదీ చెవుల్లో దూది పెట్టుకోలేదు గానీ పెట్టుకున్నట్టే ఉండేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళు అలాగే గడిచాయి. అలాగని విడిపోయామా అంటే, లేదు. నాకు జ్వరమొస్తే పక్కన కూర్చునేది అదే, కూర్చుని తిట్టేది. మీ నాన్న సగం దాని చంకలోనే పెరిగాడు.

ఆఁ, ఏం చెప్తున్నాను. ముడి. ఒకరోజు ఆ ముడి దగ్గరే వచ్చింది గొడవ. స్కూలు పుస్తకాలు, రెండొందల కాపీలు, వెనక్కి తిప్పి పంపారు, ఊడిపోతున్నాయని. చూస్తే అన్నీ దాని కుట్టే. నాకు ఒళ్ళు మండిపోయింది. చెడామడా తిట్టేశాను. చివర్లో, 'నీ పీడ ఎప్పుడు విరగడవుతుందే నాకు' అన్నాను. మామూలుగా అనే మాటే, కొత్తగా అన్నదేం కాదు. సరిగ్గా మర్నాడు స్నానం చేసి బయటికొచ్చి, తల తుడుచుకుంటూ, 'అక్కా, ఇక్కడోసారి చెయ్యి పెట్టి చూడు' అంది. పెట్టాను. చంకకి కాస్త ఇవతల, బఠానీ గింజంత. నొక్కితే కదల్లేదు. దాని మొహంలోకి చూడలేకపోయాను.

ఆ తర్వాత మీ అమ్మకి జరిగినవే అన్నీ. కుడివైపుది తీసేశారు. మందులు ఎక్కించారు, జుట్టు రాలిపోయింది, నోరంతా పూసింది, వాంతులు. డాక్టరమ్మ మాత్రం మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, 'తీయాల్సిందంతా తీసేశాం, బాగానే ఉంటుంది, ఓపిక వచ్చాక పని చేసుకోనివ్వండి' అని స్పష్టంగా చెప్పింది. చెప్పింది, నేను విన్నాను. కానీ నా చెవిలో గింగురుమంటున్నది ఆవిడ మాట కాదే, నా మాట. పీడ విరగడ. నేను అనబట్టే వచ్చిందనుకున్నాను. పిచ్చిదాన్నని నవ్వుకో, ఫరవాలేదు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని అనుకున్నాను, ఇక దీన్ని ఒక్క మాటంటే నా నోరు పడిపోనీ అని. అనుకుని నోరు కట్టేసుకున్నాను.

అదేమో గట్టి పిండం. కాస్త లేచి తిరగగానే షాపులోకి దిగింది. అప్పట్లో లోపల పెట్టుకునేవి ఇప్పట్లా దొరికేవి కావు, దొరికినా మాకు తెలీదు. అదే ఒక గుడ్డ సంచీ కుట్టుకుంది. కటింగ్ మిషను కింద పడే కాగితం ముక్కలుంటాయి చూడు, సన్నగా, అవి కూరి బాడీలో పెట్టుకుంది. కుదిరింది బాగానే. కానీ కదిలితే గరగర. మా మరిది ఎలక దూరిందని అట్టల దొంతర్లన్నీ ఒకటొకటిగా దింపుతున్నాడు. చెమటలు కక్కుతూ సగం దింపేదాకా చూసి, అప్పుడు, 'మీరు శ్రమపడకండి, ఎలక నా దగ్గరుంది' అంది. మీ తాతయ్య అయితే మిషను ఆపి బయటికెళ్ళి నవ్వుకుని వచ్చారు. తర్వాత కాగితం తీసేసి గుడ్డముక్కలు కూరింది. అవి తేలికై పైకి జరుగుతున్నాయట. ప్రెస్సులో అరిగిపోయిన సీసపు అచ్చు అక్షరాలుంటే అడిగి తెచ్చి, గుడ్డలో చుట్టి, అడుగున పెట్టి కుట్టేసింది. ఏ అక్షరాలు పెట్టావని మా మరిది ఎంత బతిమాలినా చెప్పలేదు. అందరూ పడీపడీ నవ్వారు. నేను మాత్రం వంటింట్లోకెళ్ళి ఏడ్చాను. అది నవ్విస్తుంటే నాకు ఏడుపేంటో.

ఇక నా మంచితనం మొదలైంది. అది రేడియో పెంచితే నేను ఇంకాస్త పెంచేదాన్ని. కిటికీ మూయబోతే లేచివెళ్ళి నేనే మూసేదాన్ని. నా కుర్చీలో కూర్చుంటే దిండు తెచ్చి వీపు వెనక పెట్టాను. కుడిచెయ్యి పైకి లేవదు దానికి, దారం లాగే బలం లేదు, ముందే అంతంతమాత్రం ముడి, ఇప్పుడు మరీ వదులు. ఒక్క మాటనలేదు. అది మధ్యాహ్నం పడుకోగానే దాని పుస్తకాలు తీసి, కుట్టు విప్పి, మళ్ళీ కుట్టి, అదే చోట పెట్టేసేదాన్ని. మా మరిది చూసి, 'ఎందుకు వదినా, చెప్పొచ్చుగా' అన్నాడు. 'నువ్వు నోరు మూసుకో' అని కసిరాను. తిట్లన్నీ పాపం అతనికే పడేవి.

చిన్నది కయ్యానికి కాలు దువ్వుతోందని నాకు అర్థం కాలేదే. జబ్బు మనిషి, చిరాకు అనుకున్నాను. నా టీలో చక్కెర బదులు ఉప్పు వేసింది, తాగాను. మీ నాన్నతో, 'మీ అమ్మకి చేతకాదు గానీ' అని మొదలుపెట్టి నా వంటంతా ఏకిపారేసింది, 'నిజమేలే' అన్నాను. ఒకరోజు దాని దొంతరలో పుస్తకం తీస్తే మధ్యలో ఒక ఫారం తలకిందులుగా కుట్టి ఉంది. మర్నాడు ఇంకోటి. పద్దెనిమిదేళ్ళలో ముడి వదులు పెట్టింది గానీ ఫారం తిరగేసి ఎప్పుడూ కుట్టలేదది. బైండింగ్ చేసేవాళ్ళకి అంతకన్నా తలవంపులు లేవు. జబ్బు తలకెక్కిందా ఏంటి అనుకున్నాను. అప్పుడూ మాట్లాడలేదు. విప్పి కుట్టాను. కావాలనే పెట్టిందని, నేను విప్పానో లేదో రోజూ పొద్దున తీసి చూసుకునేదని తర్వాత తెలిసింది.

అలా ఉండగా ఒకరోజు, పెళ్ళయిన కొత్తలో మేం అద్దెకున్న ఇంటావిడ వచ్చింది. ఆవిడ మమ్మల్ని చూసి పదేళ్ళయింది. బైండింగ్ షాపు తోడికోడళ్ళలో ఒకామెకి రొమ్ము తీసేశారని ఎక్కడో వింది, ఎవరికో తెలీదు. పళ్ళ సంచీ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. చిన్నదేమో విగ్గు పెట్టుకుని, లోపల తన గుడ్డ సంచీ పెట్టుకుని, నిటారుగా కూర్చుని నిగనిగలాడుతోంది. నేనేమో తిండీ నిద్రా లేక చీపురుపుల్లలా ఉన్నాను, జుట్టు పీచులా. ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తిన్నగా నా దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. 'ఎంత పనైపోయిందమ్మా' అంది. నేను నోరు తెరిచేలోపే చిన్నది అందుకుంది. 'అవునండీ. మా అక్కలాంటి మంచి మనిషికి రాకూడదండీ' అని కళ్ళు కూడా తుడుచుకుంది. నేనేం చేశాను, ఊరుకున్నాను. దానికి అదో సరదా, పోనీలే అనుకున్నాను. ఆవిడ నా వీపు నిమిరింది. 'మీ తోడికోడలు మీకు కొండంత అండ' అంది. అదీ మింగాను. అప్పుడావిడ గొంతు తగ్గించి, నా మెడ కింద ఒకసారి అటూ ఇటూ చూసి, 'ఏ వైపమ్మా' అని అడిగింది. నేనెలా ఉంటానో చూస్తూనే ఉన్నావుగా. దేవుడు నాకు ఆ విషయంలో మొదట్నుంచీ చెయ్యి బిగించాడు. చిన్నది తలెత్తకుండా సూదిలో దారం ఎక్కిస్తూ, 'రెండు వైపులా అండీ' అంది.

అంతే. ఏమైందో నాకు తెలీదు. బల్ల మీద చేత్తో కొడితే ఫారాలన్నీ నేల మీద ఉన్నాయి. 'ఏమే, నీకసలు సిగ్గుందా' అని మొదలుపెట్టాను. తొమ్మిది నెలల తిట్లు, వరసపెట్టి వచ్చేశాయి. నా టీలో ఉప్పు, నా కుర్చీ, నా వంట, నీ దిక్కుమాలిన రేడియో, నీ వదులు ముడి, తలకిందుల ఫారాలు, పదకొండు పుస్తకాలు విప్పానే నీ మూలంగా, నా వేళ్ళు చూడు ఎలా అయ్యాయో అని. ఆ ఇంటావిడ పళ్ళ సంచీ కూడా వదలకుండా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. జబ్బు మనిషి ఇలా అరవకూడదమ్మా అంటూనే ఉంది పాపం మెట్ల దాకా. చిన్నది ముందు నోరు తెరుచుకుని చూసింది. తర్వాత నవ్వు. నవ్వి నవ్వి బల్ల మీద తల పెట్టుకుంది. విగ్గు పక్కకి జారిపోయింది. నేను ఇంకా తిడుతూనే ఉన్నాను, కాసేపటికి చూస్తే నవ్వు కాదది, వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తోంది.

దగ్గరికెళ్ళాను. నా నడుం పట్టేసుకుంది. ఏమందో తెలుసా. 'నేను చచ్చిపోతున్నాననుకున్నాను అక్కా' అంది. 'డాక్టరమ్మ నాకు ఒకటి చెప్పి మీకు ఇంకోటి చెప్పిందనుకున్నాను. మా ఆయన దాస్తే దాచాడు, మొగాళ్ళంతా అంతే. నువ్వు కూడా నన్ను తిట్టట్లేదంటే ఇంక నాకు రోజులు లేవనుకున్నాను. నీ నోరు తెరిపించడానికి ఏం చెయ్యాలో తెలీక ఫారాలు తిరగేసి కుట్టాను. అవి కూడా నువ్వు కుక్కిన పేనులా విప్పేసి కుట్టేశావని చూసిన పొద్దున, ఇక అయిపోయిందనుకున్నాను' అంది. మా చిన్నది అలా భయపడగా నేనెప్పుడూ చూడలేదే. పక్కన కూర్చుని, దిండు పెట్టి, టీ పెట్టి, నేనే చేశానది. అప్పుడు నా సంగతీ చెప్పాను. ఆ పీడ మాట, ఆ బెంచీ, నా ఒట్టు. అది కళ్ళు తుడుచుకుని విగ్గు సర్దుకుంటూ, 'ఏ రోజు అన్నావు? నువ్వు ఆ మాట రోజూ అనేదానివిగా' అంది. దానికి గుర్తే లేదు. ఆ వెంటనే, 'అయినా నా కుట్టు విప్పడానికి నువ్వెవరు' అని లేచింది. ఇక చూసుకో. మీ తాతయ్య వచ్చి, 'భోజనాలున్నాయా ఈ పూట' అనేదాకా.

దాని తర్వాత ఇరవై నాలుగేళ్ళు బతికింది. చెయ్యి లేవాలంటే గోడ మీద వేళ్ళు పాకించాలి కదా, మీ అమ్మకీ చెప్పారు, రోజూ ఎంత దూరం పోయిందో పెన్సిలుతో గీసేది. 'మడమలెత్తావు, అది లెక్కలోకి రాదు' అని నేను. 'నీ కళ్ళు పోయాయి' అని అది. ఆర్నెల్లలో అలమార పై అర అందుకుంది. ఏం తీసిందనుకున్నావు, నేను దాచుకున్న బిస్కెట్ల డబ్బా. పోయింది కూడా ఈ జబ్బుతో కాదు. గుండె. అరవై దాటాక, కూర్చున్నది కూర్చున్నట్టే.

సరే. నేను నిన్ను కూర్చోబెట్టింది ఇందుకు కాదు. చెప్పనా వద్దా అని పొద్దుట్నుంచీ చూస్తున్నాను. నిన్న నువ్వు మీ అమ్మకి దుప్పటి కప్పి, మంచినీళ్ళు పెట్టి, 'నువ్వు దేనికీ లేవకమ్మా' అని చెప్పి కాలేజీకి వెళ్ళావు చూడు. నువ్వటు వెళ్ళగానే నా గదిలోకి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది. నా మంచం అంచున కూర్చుంది. తర్వాత, 'అత్తయ్యా, అది నాకు ఎదురు చెప్పి ఎన్నాళ్ళయిందో. రిపోర్టులు తేవడానికి అదే వెళ్ళింది కదా. నాకు చెప్పకూడనిది ఏదైనా ఉందా అందులో' అని అడిగింది.

ఏం లేదని నేను చెప్పాను. నేను చెప్తే నమ్ముతుందా. అదిగో, పిలుస్తోంది. తడి తువ్వాలు మంచం మీద పడేశావట. వెళ్ళు. సరేనమ్మా అని మాత్రం రాకు.