గిన్నెల మోత

కొడుకు ఆఫీసుకు వెళ్లేదాకా ఉగ్గబట్టుకుని, అత్తగారు వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపల కొత్త కోడలు గిన్నెలు తోముతోంది. ఆ మోతకు చెవులు చిల్లులు పడుతున్నాయి.

"నా మీద కోపముంటే నన్నే అనమ్మా. పాపం ఆ గిన్నెలేం చేశాయి?"

"కోపమా? నాకెందుకు కోపం అత్తయ్యా?"

"తలుపు దఢాలున వేస్తావు. నడిస్తే ఇల్లదురుతుంది. పిలిస్తే పలకవు. నాతో పడకపోతే వేరు కాపురం పెట్టుకోండి, నేనేం అనుకోను."

కోడలి చేతిలో గిన్నె ఆగిపోయింది.

"మా అమ్మకీ నాన్నకీ వినపడదు కదత్తయ్యా. మా ఇంట్లో పళ్లెం జారిపడ్డా ఎవరూ ఉలిక్కిపడరు. మెల్లగా పెట్టమని నాకెవరు చెబుతారు? గొంతెత్తి పిలిచేవాళ్లూ లేరు."

వియ్యాలవారికి వినపడదని అత్తగారికి తెలుసు. ఆ ఇంట్లో ఈ పిల్ల ఎలా పెరిగి ఉంటుందో మాత్రం ఎన్నడూ తట్టలేదు.

"మరి మీ అమ్మ నిన్నెలా పిలిచేదే?"

"లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించేది."

అత్తగారు ముందు గదిలోకి వెళ్లి, ఫ్లాస్కులోంచి రెండు గ్లాసుల్లో కాఫీ పోసింది. మళ్లీ గుమ్మం దాకా వచ్చి, నోరు తెరవబోయి, ఆగి, స్విచ్చి మీద చెయ్యి వేసింది. వంటగది లైటు రెండుసార్లు ఆరి వెలిగింది.

కోడలు గిరుక్కున తిరిగి, సబ్బు చేతులతోనే గాలిలో ఏదో సైగ చేసి, నాలుక కరుచుకుంది.

"ఏమన్నావే?"

"'వస్తున్నానమ్మా' అన్నాను. అలవాటు మీద..."

"సరే గానీ, 'కాఫీ చల్లారిపోతోంది' అనాలంటే చేతులెలా తిప్పాలో చెప్పు."