మీసాల హేరోదు

గిద్యోనని ఒక తాపీమేస్త్రి ఉండేవాడంట మా వాగొడ్డుపాలెంలో. ఉండేవాడంట ఏంటి నా మొహం, ఉన్నాడు, రేపు మీ అరుగు పగిలితే కబురెట్టండి, వస్తాడు. ఆయనకి మీసాలు ఇంతేసి. చిక్కంతా ఆ మీసాలతోనే. క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక, అన్నాలకి ముందు, మా చర్చి ముంగిట్లో నాటకం వేస్తాం. బాలయేసుని చంపించాలని హేరోదు చూడటం, యోసేపూ మరియమ్మా ఆ బిడ్డని గాడిద మీద ఐగుప్తుకి, అదే ఈజిప్టుకి, దాటించెయ్యడం, అదీ కథ. నే చెప్పబోయే ఏటికి పన్నెండేళ్లుగా హేరోదు రాజు వేషం గిద్యోనుదే. కుర్చీలోంచి లేచి, మీసం దువ్వి, "బేత్లెహేములో మగపిల్లాణ్ణి ఒక్కణ్ణి మిగలనీకండి!" అని అరిచాడా, చంకల్లో పిల్లలు గుక్కపట్టేవాళ్లు. మరి నాదేం వేషం అనుకున్నారు? గాడిద. మొత్తం గాడిద కూడా కాదు, వెనక కాళ్లు. ముందు కాళ్లకి కాస్త తెలివుండాలని మా బావమరిదికిచ్చారు. అంచేత నే చెప్పేది చాలామటుకు దుప్పటి కింద విన్నదే అనుకోండి.

ఏమైందంటే, గిద్యోనుకి పెళ్లయి కూడా అప్పటికి పన్నెండేళ్లే. రెండుసార్లు కడుపొచ్చి నిలవలేదు. వాళ్ల మేనత్త లేయమ్మ ఊరుకునే మనిషా? "పండగపూట పసిపిల్లల్ని చంపమని కేకేసేవాడింట్లో ఉయ్యాలెట్టా ఊగుద్దిరా?" అందంట. ఆ మాట పోయి గిద్యోను గుండెలో కూచుంది. ఆ ఏడు ఆయన భార్య దెబోరమ్మకి ఏడో నెల. ఈయన అయ్యగారి దగ్గరికి, అదే మా పాస్టరు దగ్గరికి పోయి, నన్నొదిలెయ్యండి అయ్యగారూ, కాపరి వేషమేస్తా, కాదంటే గొర్రె వేషమేస్తా అన్నాడంట. "ఏద్దువుగాని, మరి మీసం ఎవరిదిరా?" అన్నాడంట ఆయన. అదీ నిజమే. మా మీసాలు చీమలు బారుకట్టినట్టుంటాయి. కాదనలేక ఒప్పుకున్నాడు గిద్యోను.

పండగ రానే వచ్చింది. రాజు లేచాడు. మీసం దువ్వాడు. నోరు తెరిచాడు. ముందు వరసలో దెబోరమ్మ పొట్ట మీద చెయ్యేసుకుని కూచునుంది, ఈయన చూపంతా ఆ చేతి మీదే. చివరాఖరికి, "పోనీండిరా... పసోళ్లు. బతకనీండి" అన్నాడు. ఇంకేముంది! సైనికులు అట్ట కత్తులు పట్టుకుని దిక్కులు చూశారు. యోసేపు వేషమేసిన ఏలియా నెత్తిన మూటతో, "అయితే నేను ఐగుప్తుకి పోవాలా వద్దా?" అని అడిగాడు. గాడిద ముందు కాళ్లు బయల్దేరినయ్, వెనక కాళ్లు ఆగిపోయినయ్, దుప్పటి పర్రున చిరిగింది. సంఘపెద్ద లేచి, "బైబిలు వాక్యంలో అట్టా లేదు!" అని గొడవ. అప్పుడు దెబోరమ్మ నడుం పట్టుకుని లేచింది. "ఏం మావా, పన్నెండేళ్లుగా అరుస్తున్నావు గదా, ఒక్క ఏడన్నా ఆ బిడ్డ నీకు దొరికాడా?" గిద్యోను తల అడ్డంగా ఊపాడు. "దేవుడు దాచిన బిడ్డ నీ కేకకి పోతాడా మరి? నా కడుపులో ఉన్నోణ్ణి దాచిందీ ఆయనే. అన్నాలు చల్లారిపోతున్నయ్, అరిచెయ్."

అరిచాడు చూడండీ, చర్చి మీద పావురాలన్నీ లేచిపోయినయ్! నోట్లో కేక, కళ్లెమ్మట నీళ్లు. దుప్పటి చిరిగింది గదా, ఆ చిరుగులోంచి ఇది మాత్రం నేను కళ్లారా చూశా.

ఫిబ్రవరి ఆఖర్లో మగపిల్లాడు. మరుసటేడు బొమ్మకి బదులు వాణ్ణే బాలయేసుని చేసి మరియమ్మ చంకనేశారు. తండ్రి "మిగలనీకండి!" అని అరిస్తే వాడు గుక్కపట్టలేదు సరిగదా, కిలకిలా నవ్వి మీసం కోసం చేతులు చాచాడు. రాజుగారు కుర్చీ దిగొచ్చి, ఎత్తుకుని, మీసం పీకించుకుని, తన ఎర్ర శాలువా వాడికి కప్పి, "జాగర్తగా తీసకపోండి, ఐగుప్తులో చలుంటది" అని మరియమ్మ చేతికిచ్చాడు. సంఘపెద్ద లేవబోయాడు గానీ, లేయమ్మే కూచోమని కసిరింది.

వాడికిప్పుడు పద్నాలుగేళ్లు. పోయినేడు గాడిద ముందు కాళ్లు వాడికిచ్చారు. నేనింకా వెనకే. అయినా ఆ దుప్పటి చిరుగు మాత్రం ఇంతవరకు ఎవర్నీ కుట్టనియ్యలా.