ఆదివారం కార్జం

నరసాపురంలో ఆయన నీరసానికి డాక్టరుకు చూపించుకుని, ఆ భార్యాభర్తలు గోదావరి దాటించే పంటు మీద సఖినేటిపల్లి తిరిగి వస్తున్నారు. ఆమెకు భయంకన్నా సిగ్గే ఎక్కువగా ఉంది.

“అందరి పేగూ కావలసినంత ఇనుము తీసుకుని తలుపేసేస్తుందంటండి. మీదే వెయ్యదంట.”

“పుట్టుకతోనే అంతేనంట. మిగిలిందంతా లివర్‌లో పేరుకుపోయిందన్నారు.”

“నీరసమంటే రక్తం లేదేమో అనుకున్నానండి. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే మేక కార్జం వేపి, మొత్తం మీకే పెట్టేను.”

“ఆయ్. పైన ఇనుము టానిక్కొకటి.”

“ఇప్పుడు రక్తం తీసి ఆ ఇనుము తగ్గిస్తారంట కదండీ.”

“నా సంగతి సరే. నీ కనురెప్ప కిందికి లాగి చూసేరుగా, రక్తం లేనిది నీకంట. నీ పేగు తలుపు బార్లా తీసుకునే కూర్చుందంట. లోపలికొచ్చేదే లేదంట.”

“నాకేవండీ, బానే ఉన్నాను.”

“ఈ ఆదివారం కార్జం తెస్తాను. మొత్తం నువ్వే తిను.”

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అలా అనడం ఇదే మొదలు. ఆమెకు కంగారు పుట్టింది.

“మీరు తినకూడనిది నా ఒక్కదాని కోసం ఎందుకండీ? గుత్తొంకాయ వండుతాలెండి. మీకిష్టం కదా.”

“అదీ నిజమే,” అన్నాడాయన.