బావి ఎవరి ఇంటి వైపు?

ఓక్లహోమాలో లియోటా వంటగది. ఎదురుగా చమురు కంపెనీ మనిషి కర్టిస్, బల్ల మీద లీజు కాగితాలు. పాత లీజు గడువు ఈ సాయంత్రంతో సరి. లియోటాకు సంతకం పెట్టాలనే ఉంది గానీ, అడగ్గానే పెట్టేస్తే ఆవిడ లియోటా ఎందుకవుతుంది?

“...ఇంకో ముక్క తిను నాయనా, తర్వాత చూద్దాం.”

“ఇది నాలుగో ముక్క లియోటా గారూ! సంతకం పెట్టండి. గడువు దాటితే కంపెనీ మూటాముల్లె సర్దుకుని పక్క కౌంటీకి పోతుంది.”

“పోతే పోనీ. కేకు ఎలా ఉందో చెప్పలేదు?”

“అద్భుతం.”

“చూశావా! తిరునాళ్ల పోటీలో జడ్జీగా కూర్చుని, దీనికి మూడో బహుమతి ఇచ్చింది మా వర్నా. సొంత అక్క! ఆరేళ్లయింది దాంతో మాట్లాడి.”

“పొలాలు పంచుకున్నారు గానీ కింద చమురు ఇద్దరిదీ కదండీ. ఇద్దరూ పెట్టాలి. పొద్దున్నే ఆవిడ దగ్గరికి వెళ్లొచ్చాను.”

“పెట్టిందా?”

“పెడతానంది. ఒక షరతు మీద.”

“షరతు పెట్టకపోతే దానికి తెల్లారదు. ముందు నాది రాసుకో. బావి తవ్వే యంత్రం వర్నా ఇంటి దరిదాపులకు రాకూడదు.”

“ఎవరింటికి?”

“చెవుడు వచ్చిందా? మా అక్క ఇంటికి. చీమ చిటుక్కుమన్నా దానికి నిద్ర పట్టదు. చిన్నప్పుడు దాని కోసం గోడ గడియారాన్ని దుప్పట్లో చుట్టేదాన్ని. నా వైపు తవ్వుకోండి.”

“మరి ఆవిడంటే మీకు...”

“గిట్టదు. రాసుకో.”

“రాయలేనండీ.”

“ఏం, చెయ్యి నొప్పా?”

“ఆవిడ షరతూ అదే. దుమ్ము లేస్తే మా చెల్లెలికి ఆయాసం, యంత్రం దాని ఇంటి వైపు పోకూడదు, నా వైపే తవ్వుకోండి అంది.”

“...అలా అందా?”

“అంటూ తిట్టింది కూడా.”

“ఏమని?”

“మొండిఘటం అని.”

“నేనా? అది మొండిఘటం!”

“మీ ఇద్దరి మాటా వింటే ఇక మిగిలేది మీ పొలాల మధ్య వాగే. వాగులో తవ్వమంటారా?”

“ఉండవయ్యా! ఇది నీ వల్ల తేలేది కాదు. ఆ ఫోను ఇలా అందివ్వు.”

“నంబరు చెప్పనా?”

“నాకు చెప్పొస్తున్నావా? ప్రతి ఆదివారం చేస్తాను. ‘హలో’ అంటుంది. గొంతు వినగానే పెట్టేస్తాను. పాపం, ఎవరో దానికి తెలీదు.”

“తెలుసండీ. ఆ ఫోను మోగందే ఆవిడ చర్చికి కదలదట.”